పేలుడు మందు అవశేషాలు: కరీంనగర్, ఆదిలాబాద్ నేలల్లో కరుగుదల, కదలిక

గనుల్లో, క్వారీల్లో, సైనిక శిక్షణ మైదానాల్లో పేల్చిన మందులో కాలకుండా మిగిలిన భాగాన్ని పేలుడు అవశేషం అంటారు. వాననీటిలో అది ఎంత త్వరగా కరుగుతుంది, కరిగింది మట్టిలో ఎంత దూరం పోతుంది, పోయే దారిలో ఏమవుతుంది అనే ప్రశ్నలకు లెక్కగట్టి జవాబు చెప్పే పద్ధతులను మోడల్స్ అంటున్నారు. ఈ విద్య ఎక్కువగా అమెరికా, కెనడా సైనిక మైదానాల్లో, టీఎన్‌టీ, ఆర్‌డీఎక్స్ అనే రెండు పదార్థాల చుట్టూ పెరిగింది. అందువల్ల పుస్తకాల్లో కనిపించే ఉదాహరణల్లో ఎక్కువ ఫిరంగి గుండ్లవే.

ఉత్తర తెలంగాణ సంగతి వేరు. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరు 11న కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ వగైరా జిల్లాలుగా విడిపోయాయి. ఇక్కడ రోజూ పేలేది బొగ్గు మీది రాతిపొరల్లో, సున్నపురాయిలో, గ్రానైటులో. వాడే మందులో ముఖ్య భాగం అమ్మోనియం నైట్రేట్. నీళ్లు తగిలితే చాలు, అది కరిగిపోతుంది. కరిగాక అదీ పొలంలో చల్లిన ఎరువూ ఒకే రూపంలో, నైట్రేట్‌గా, బావి నీటిలోకి చేరతాయి. కాబట్టి ఇక్కడ మోడల్ రాసేవారికి ఎదురయ్యే చిక్కు కరుగుదల కాదు. మందు ఎంత మిగిలిందో తెలియకపోవడం ఒక చిక్కు, అది ఏ పగుళ్ల వెంట పోయిందో తెలియకపోవడం రెండోది, ఎరువు నుంచి దాన్ని వేరు చేయడం మూడోది.

ఎక్కడ, ఏం పేలుస్తారు

గోదావరి, ప్రాణహితల వెంట వాయవ్యం నుంచి ఆగ్నేయానికి గోండ్వానా శిలల పట్టీ ఒకటి సాగుతుంది. దానిలోని బరాకర్ ఇసుకరాతి పొరల మధ్య బొగ్గు ఉంది. గోదావరిఖని, మంచిర్యాల, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి, గోలేటి ఈ పట్టీ మీద పుట్టి పెరిగిన ఊళ్లు. 1920 డిసెంబరులో ఆ పేరుతో నమోదైన సింగరేణి కాలరీస్ కంపెనీలో ఇప్పుడు రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. 2023–24లో అది తీసిన బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు. అందులో చాలా ఎక్కువ భాగం ఓసీల నుంచే, అంటే ఓపెన్‌కాస్టు గనుల నుంచే వచ్చింది.

ఓసీలో బొగ్గు దొరకాలంటే దాని మీది రాయిని ముందు తీయాలి. కార్మికులు దాన్ని ఓబీ అంటారు. టన్ను బొగ్గుకు అనేక ఘనపు మీటర్ల ఓబీ తీయాల్సి వస్తుంది. రాయి గట్టిదనాన్ని బట్టి ఘనపు మీటరుకు అర కిలో అటూ ఇటూగా మందు పడుతుందని లెక్క వేసుకోవచ్చు. లోతుగా హోల్స్ వేసి, ట్యాంకరు లాంటి లారీ నుంచి పైపుతో ఎమల్షన్ మందు నింపుతారు. అమ్మోనియం నైట్రేట్ గాఢ ద్రావణాన్ని అతి సన్నని బొట్లుగా నూనెపొరలో బంధించి చేసేదే ఎమల్షన్. నూనెపొర ఉన్నందువల్ల ఇది నీళ్లను కొంతకాలం తట్టుకుంటుంది. గుళికల రూపంలోని నైట్రేట్‌కు ఇంధన నూనె పట్టించిన పాతరకం మందుకు ఆ శక్తి లేదు. భూగర్భ బాయిల్లో సంగతి మరోలా ఉంటుంది. అక్కడ మీథేన్ అంటుకోకుండా అనుమతించిన ప్రత్యేక రకం మందులనే, అదీ కొద్ది మోతాదులోనే వాడాలి.

దేవాపూర్, బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీల సున్నపురాయి గనుల్లోనూ పేలుళ్లుంటాయి. కరీంనగర్ చుట్టూ గ్రానైటు క్వారీలను మాత్రం రెండు రకాలుగా చూడాలి. ట్యాన్ బ్రౌన్ లాంటి పలకరాయి తీసేచోట మందు తక్కువే. పెద్ద దెబ్బ కొడితే దిమ్మె చీలి విలువ పోతుంది, అందుకే వజ్రపు తీగ రంపంతో కోస్తారు. కంకర క్వారీలో రాయి ఎంత ముక్కలైతే అంత లాభం కనుక మందు దండిగా పడుతుంది. రెండింటినీ ‘క్వారీ’ అనే ఒకే పేరు కింద జమకట్టి అవశేషం అంచనా వేసిన నివేదిక పనికిరాదు.

నైట్రోగ్లిజరిన్ కలిసిన మందుల తయారీని మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి ఆపేశారు. అంతకుముందు దశాబ్దాల జిలెటిన్ కడ్డీల అవశేషం పాత క్వారీల్లో ఏమైనా ఉందా అన్నది చరిత్రకు సంబంధించిన ప్రశ్న. టీఎన్‌టీ పూర్తిగా పోలేదు. పెద్ద హోల్ అడుగున ఎమల్షన్‌ను రగిలించే బూస్టర్ గుళ్లలో టీఎన్‌టీ, పీఈటీఎన్ కలిసి ఉంటాయి. పేల్చే తాడు నడిమి పొడి కూడా పీఈటీఎన్. నైట్రేట్ పక్కన వీటి మోతాదు చాలా తక్కువ. కాకపోతే ఒక బూస్టర్ పేలకుండా ఓబీలో కలిసిపోతే అది ఏళ్ల తరబడి ఒకేచోట కూర్చుని కొద్దికొద్దిగా కరుగుతుంది.

ఈ జిల్లాల్లో పేలుడు అనగానే చాలామందికి నక్సలైట్ల మందుపాతరలు, పేల్చేసిన కల్వర్టులు గుర్తొస్తాయి. నేల రసాయనం దృష్టితో చూస్తే అవి చెదురుమదురు చుక్కలు. ఒక పెద్ద ఓసీలో ఒక్క మధ్యాహ్నం షాటుకు, అంటే ఒక విడత పేల్చడానికి, పట్టే మందే టన్నుల్లో ఉంటుంది.

మందు ఎలా మిగులుతుంది

పూర్తిగా పేలిన మందు దాదాపుగా ఏమీ మిగల్చదు. నత్రజని వాయువు, నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువుగా మారిపోతుంది. మిగలడానికి మూడు దారులున్నాయి: నింపేటప్పుడు హోల్ మూతి దగ్గర ఒలికిపోవడం, హోల్‌లోని నీటిలో కరిగిపోవడం, సరిగా పేలకపోవడం.

వానాకాలంలో ఓసీ బెంచి మీద నిలబడి చూస్తే రెండోదీ మూడోదీ కంటికే తెలుస్తాయి. హోల్ వేసి రాత్రి ఉంచితే తెల్లారేసరికి సగం దాకా నీళ్లు ఊరతాయి. మందు నింపాక షాటు వాయిదా పడితే, తడి హోల్‌లో ఎమల్షన్ రోజులకొద్దీ ఆగుతుంది. నూనెపొర అక్కడక్కడా తెగి నైట్రేట్ పగుళ్లలోకి జారుతుంది. అలాంటి హోల్స్ పేలినప్పుడు తెల్లని ధూళికి బదులు నారింజ రంగు పొగ లేస్తుంది. అది నైట్రోజన్ డయాక్సైడ్. మందు నీళ్లు తాగిందని, దహనం సగంలో చెడిందని ఆ రంగే చెబుతుంది. షాట్‌ఫైరర్లకు ఇది బాగా తెలిసిన గుర్తు. మోడల్ రాసేవారు మాత్రం దీన్ని అరుదుగా నమోదు చేసుకుంటారు. ఏ షాటుకు ఏ రంగు పొగ వచ్చిందో, నింపిన ఎన్ని గంటలకు పేల్చారో ఒక రిజిస్టరులో రాసి ఉంచితే, ఖరీదైన సాఫ్ట్‌వేర్ కంటే మెరుగైన సమాచారం చేతికొస్తుంది.

మిగిలే శాతం మీద ఎక్కువమంది ఆధారపడే అంకెలు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా బొగ్గు గనుల్లో 1980లలో జరిగిన అధ్యయనాల నుంచి వచ్చాయి. మందులోని నత్రజనిలో, పొడి హోల్స్ అయితే ఒక శాతం కంటే తక్కువ, తడి పరిస్థితుల్లో ఐదారు శాతం దాకా నీటిపాలవుతుందని అవి తేల్చాయి. అక్కడి మంచు కరిగే వసంతాన్ని ఇక్కడి శ్రావణ భాద్రపదాలతో పోల్చవచ్చా అన్నది ఎవరైనా అడగాల్సిన ప్రశ్నే. అయినా లెక్క మొదలుపెట్టడానికి ఒక శాతం పనికొస్తుంది.

ఒక టన్ను అమ్మోనియం నైట్రేట్‌లో 350 కిలోల నత్రజని ఉంటుంది. అందులో ఒక శాతం మిగిలితే 3.5 కిలోలు. అదంతా చివరికి నైట్రేట్‌గా మారితే 15.5 కిలోలవుతుంది. తాగునీటిలో నైట్రేట్‌కు భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. దాన్ని దాటడానికి సడలింపు లేదు. అంటే ఆ ఒక్క శాతం అవశేషం సుమారు 3 లక్షల 44 వేల లీటర్ల శుభ్రమైన నీటిని హద్దు దాకా తీసుకుపోగలదు.

ఇదే 3.5 కిలోల నత్రజనిని వ్యవసాయం వైపు నుంచి చూద్దాం. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20.7 కిలోల నత్రజని ఉంటుంది. కాబట్టి టన్ను అమ్మోనియం నైట్రేట్ వదిలిన శేషం బస్తాలో ఆరో వంతు. కాకతీయ కాలువ కింద వరి వేసే రైతు ఒక ఎకరంలో ఒక్క పంటకు ఇంతకు ఎన్నో రెట్లు చల్లుతాడు. జిల్లా మొత్తం మీద నైట్రేట్ ఖాతా రాస్తే యూరియాదే పైచేయి. అయితే ఎరువు వేల ఎకరాల మీద పలచగా పరుచుకుంటుంది, మందు అవశేషం ఒక గొయ్యిలో, ఒక మట్టిగుట్టలో కుప్పపడుతుంది. ఓసీ అడుగు సంపులో, ఓబీ గుట్ట పాదంలో ఊరే నీటిలో ఎరువు వాటా దాదాపు సున్నా. వాదన ఏ మ్యాపు మీద చేస్తున్నామన్న దాన్ని బట్టి, తప్పు యూరియాదనేవారూ మందుదనేవారూ ఇద్దరూ నిజమే చెప్పగలరు. గనుల నైట్రేట్ మీద వాదులాటలు తెగకపోవడానికి ఇదొక కారణం.

కరుగుదల

ఇరవై డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్ల నీటిలో 150 గ్రాములకు పైగా అమ్మోనియం నైట్రేట్ కరుగుతుంది. టీఎన్‌టీ లీటరు నీటిలో దాదాపు 100 మిల్లీగ్రాములు, ఆర్‌డీఎక్స్ 40 నుంచి 60 మిల్లీగ్రాములు కరుగుతాయి. నైట్రేట్‌కూ వాటికీ తేడా పది వేల రెట్ల పైమాటే. కాబట్టి విడి నైట్రేట్‌కు కరుగుదల సమీకరణం అక్కర్లేదు, మొదటి వానకే కరిగిందని అనుకుంటే పెద్ద తప్పు కాదు. ఎమల్షన్ ముద్దకు మాత్రం నూనెపొర ఎంత త్వరగా చెడుతుందో తెలియాలి. దాన్ని ప్రయోగశాలలో కొలిచి వాడుకుంటారు.

బూస్టర్ ముక్క లాంటి వాటికి అసలు కరుగుదల మోడల్ పనికొస్తుంది. దాని మూలం 1897లో నోయెస్, విట్నీ ఇచ్చిన సూత్రం. ముక్కకు తడి తగిలే ఉపరితలం ఎంత ఎక్కువైతే కరుగుదల అంత ఎక్కువ. చుట్టూ ఉన్న నీరు అప్పటికే ఎంత నిండి ఉంటే కరుగుదల అంత తక్కువ. అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లోని సైనిక శీతల ప్రాంత పరిశోధనాలయంలో సుసాన్ టేలర్ బృందం టీఎన్‌టీ ముక్కలను గరాటుల్లో పెట్టి ఆరుబయట ఎండకూ వానకూ వదిలేసింది. కింద కారిన నీటిని ఏళ్ల తరబడి పరీక్షించి, ముక్క మీద పడిన చినుకులే కరుగుదలను నడిపిస్తాయని చూపింది. ఎండకు టీఎన్‌టీ ముక్క ఎర్రబడి పైపొర మారిపోవడం కూడా ఆ ప్రయోగాల్లో కనిపించింది.

ఈ పద్ధతిని మన వానకు వర్తింపజేస్తే ఇలా ఉంటుంది. ఒక గ్రాము టీఎన్‌టీ గుండ్రని ముక్క అడ్డంగా సెంటీమీటరు పైచిలుకు ఉంటుంది. ఏడాదికి 1000 మిల్లీమీటర్ల వాన పడితే దాని మీద నేరుగా పడే నీరు 87 మిల్లీలీటర్లు. ఆ నీరంతా పూర్తిగా నిండి జారిపోయినా మొదటి ఏడు కరిగేది 9 మిల్లీగ్రాముల లోపే. పూర్తిగా కరగడానికి పట్టే కాలం ముక్క అడ్డుకొలతకు అనుపాతంలో పెరుగుతుంది, అంటే మిల్లీమీటరు రేణువు పదో వంతు కాలంలో పోతుంది. పక్క నుంచి పారే నీటిని కూడా కలిపితే ఈ అంచనా మారుతుంది కానీ, దిశ మారదు. ముక్కలు ఎంత పొడిగా చితికాయో తెలియకుండా టీఎన్‌టీ మోడల్ రాయడం దండగ.

మట్టిలో దారి

కరిగిన అమ్మోనియం నైట్రేట్ నీటిలో రెండుగా విడిపోతుంది. అమ్మోనియంకు ధనావేశం, నైట్రేట్‌కు రుణావేశం. మట్టిలోని బంకరేణువులు రుణావేశం మోస్తాయి కనుక అమ్మోనియం పట్టుబడుతుంది, నైట్రేట్ నీళ్లతోపాటే సాగిపోతుంది. పట్టుబడిన అమ్మోనియంను గాలి ఆడేచోట సూక్ష్మజీవులు మళ్లీ నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ వాటా వారాలో నెలలో ఆలస్యంగా, రెండో అలలా వస్తుంది.

పట్టు ఎంత అన్నది నేలను బట్టి. కరీంనగర్ వైపు చెల్క నేలలు ఎర్రనివి, పలచనివి. వాటిలో బంక ఎక్కువగా కయోలినైట్ రకం, పట్టు తక్కువ. ఆదిలాబాద్ పత్తి రేగళ్లలో స్మెక్టైట్ బంక ఉండటంతో అమ్మోనియం గట్టిగా ఆగుతుంది. రేగడిలో ఇంకో విశేషం ఉంది. స్విట్జర్లాండ్‌లో హాడర్‌లైన్, వైస్‌మార్, ష్వార్జెన్‌బాక్ 1996లో ప్రచురించిన పరిశోధన ప్రకారం స్మెక్టైట్ బంక టీఎన్‌టీ లాంటి నైట్రో ఆరోమాటిక్ పదార్థాలను బలంగా అంటించుకుంటుంది. అయితే బంక మీద పొటాషియం కూర్చున్నప్పుడే ఈ బలం కనిపిస్తుంది, కాల్షియం కూర్చుంటే చాలా వరకు పోతుంది. మన రేగళ్లు సున్నం నిండిన నేలలు, వాటి బంక మీద కాల్షియమే పరుచుకుని ఉంటుంది. కాబట్టి రేగడి కదా, టీఎన్‌టీని ఆపేస్తుందిలే అని ధీమాగా ఉండటానికి లేదు.

పట్టును మోడల్‌లో మందగింపు గుణకంగా రాస్తారు. ఇసుక మట్టిలో ఆర్‌డీఎక్స్‌కు పట్టు గుణకం కిలోకు అర లీటరు అనుకుంటే మందగింపు సుమారు 3. అంటే నీళ్లు మూడు మీటర్లు పోయేలోపు అది ఒక మీటరు పోతుంది. నైట్రేట్‌కు ఈ గుణకం 1, నీళ్లతో సమానం. టీఎన్‌టీ ఇంకా నెమ్మది. పైగా దారిలో సూక్ష్మజీవులు దాన్ని అమైనో రూపాలకు మారుస్తాయి, అవి మట్టిలోని హ్యూమస్‌కు రసాయన బంధంతో అతుక్కుంటాయి. అందుకే టీఎన్‌టీ చాలాచోట్ల పైమట్టిలోనే ఆగిపోతుంటే, ఆర్‌డీఎక్స్ భూగర్భజలం దాకా దిగుతుంది. మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్‌లో ఇదే జరిగింది. అక్కడి క్యాంప్ ఎడ్వర్డ్స్ శిక్షణ మైదానం కింద ఊళ్ల తాగునీటి ఇసుక పొరల్లో ఆర్‌డీఎక్స్ ఉన్నట్టు తేలింది, 1997లో అమెరికా పర్యావరణ సంస్థ అక్కడ కాల్పుల శిక్షణను ఆపించింది. తాగునీటిలో ఆర్‌డీఎక్స్‌కు ఆ సంస్థ ఇచ్చిన జీవితకాల సలహా హద్దు లీటరుకు 2 మైక్రోగ్రాములు. ఇప్పటి మోడల్స్‌లో చాలావాటికి పదును పెట్టింది ఇలాంటి సైనిక మైదానాల్లో దొరికిన కొలతలే.

రేగడి ఎండాకాలంలో చెయ్యి దూరేంత వెడల్పున నెర్రెలిస్తుంది. జూన్‌లో పడే మొదటి పెద్ద వాన ఆ నెర్రెల్లోంచి నేరుగా కిందికి దిగిపోతుంది, బంకరేణువులకు అంటించుకునే తీరిక ఉండదు. నేల నాని ఉబ్బాక దారులు మూసుకుంటాయి. ఏడాది పొడవునా ఒకే ప్రవేశ్యత వాడే మోడల్ ఈ రెండు ఋతువులనూ పోగొట్టుకుంటుంది. ఇక్కడ పడే వానలో సుమారు ఐదింట నాలుగు వంతులు నైరుతి నాలుగు నెలల్లోనే కురుస్తుంది. ఆ నెలల కోసమే మోడల్ ఉన్నదనుకున్నా తప్పులేదు.

సమీకరణాల పని

తడి నేలలో నీటి కదలికకు 1856 నాటి డార్సీ సూత్రం, సగం తడిసిన నేలకు 1931లో రిచర్డ్స్ ఇచ్చిన సమీకరణం, మట్టి ఎంత తడిస్తే నీళ్లను ఎంత పట్టుకుంటుందో చెప్పడానికి 1980 నాటి వాన్ గెనుక్టెన్ వక్రరేఖ ఆధారాలు. వీటి మీద పదార్థ రవాణా సమీకరణాన్ని నిలబెడతారు. నీళ్లతో కొట్టుకుపోవడం, పలు దారుల్లో చెదిరిపోవడం, మట్టికి అంటుకోవడం, వేరే పదార్థంగా మారిపోవడం అందులో ఒక్కో పదం. పైమట్టికి హైడ్రస్, భూగర్భజలానికి అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1980లలో తెచ్చిన మోడ్‌ఫ్లో, దానికి జోడీగా రవాణా లెక్కలు చేసే ఎంటీ3డీ ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ విషయంలో లోటేమీ లేదు, అందులో నింపే అంకెల దగ్గరే పని ఆగుతుంది.

రాతిలోకి దిగాక

కేప్ కాడ్ ఇసుకలో నీరు ఎటైనా ఒకే తీరుగా పాకుతుంది. తెలంగాణ గ్రానైటులో అలా కాదు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి మహేశ్వరం వాటర్‌షెడ్‌లో ఏళ్లపాటు పరిశోధనలు చేసింది. పైన 10 నుంచి 15 మీటర్ల మందాన చివికిన రాయి, దాని కింద 15 నుంచి 20 మీటర్ల పగుళ్ల పొర, ఆ కింద గట్టి రాయి ఉంటాయని అక్కడి పని చూపింది. బోర్లకు నీళ్లిచ్చేది ముఖ్యంగా పగుళ్ల పొర. కరీంనగర్ గ్రానైటు ఆ ఊరికి దూరమే అయినా ఈ అమరిక గట్టి రాతి ప్రాంతాలకు మంచి తొలి అంచనా.

ఆ పగుళ్ల పొరలో నీరు ఉండే ఖాళీ నూటికి 1.4 పాళ్లు మాత్రమేనని మహేశ్వరం కొలతలు చెప్పాయి. ఖాళీ ఇంత తక్కువ కనుక 100 మిల్లీమీటర్ల నీరు ఇంకినా నీటిమట్టం ఏడు మీటర్లు లేస్తుంది. కరిగిన నైట్రేట్‌కు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది, తక్కువ నీటితో ఎక్కువ దూరం పోతుంది. ఇంకా మెలిక ఏమిటంటే, పగులు పక్కనున్న చివికిన రాతిలోకి కొంత నైట్రేట్ నెమ్మదిగా చొరబడి, క్వారీ మూసేశాక మళ్లీ నెమ్మదిగా బయటికి వస్తుంది. అందుకే పగుళ్లకూ చుట్టుపక్కల రాతికీ వేర్వేరు ఖాతాలు పెట్టే ద్వంద్వ సచ్ఛిద్ర మోడల్స్ వాడతారు. ఒక్క బోరు నీళ్లు పరీక్షించి ఇక్కడ నైట్రేట్ లేదని తేల్చడం ఈ నేలలో పెద్ద పొరపాటు. పది అడుగుల పక్కనున్న బోరు వేరే పగులు మీద ఉండవచ్చు.

గోదావరి లోయ ఇసుకరాళ్లు దీనికి భిన్నం. బరాకర్, కామ్టీ పొరలకు ఖాళీ ఎక్కువ, నీరు పొరల వాలు వెంట పోతుంది. మధ్యలో షేల్ పలకలు అడ్డుపడతాయి. ఈ చోట్ల మామూలు రవాణా మోడల్ బాగానే నిలుస్తుంది. ఈ లోయ మధ్యలో మనిషి పేర్చిన ఓబీ గుట్టలున్నాయి. గుట్ట మామూలు నేల కాదు. అడుగున పెద్ద బండలు, నడుమ రాతిపొడి, పైన లారీలు తొక్కి గట్టిపడిన పొర. వాన పైన ఇంకి, లోపల నెలలో ఏళ్లో తిరిగి, పాదం దగ్గర ఊటగా బయటపడుతుంది. బ్రిటిష్ కొలంబియా గుట్టల్లో మందు నైట్రేట్ ఏళ్ల తరబడి కారుతూ ఉండటాన్ని గమనించారు. గుట్ట లోపల గాలి అందని చోట సూక్ష్మజీవులు నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మారుస్తాయి. షేల్‌లోని పైరైట్, బొగ్గు ముక్కల్లోని కర్బనం ఆ పనికి మేతగా పనికొస్తాయి. దీన్ని మోడల్‌లో పెట్టకపోతే అంచనా ఎక్కువ వస్తుంది, ఇష్టం వచ్చినట్టు పెడితే నైట్రేట్ అంతా కాగితం మీదే మాయమవుతుంది.

సంపులో తోడిన నీరు చెరువులకు, వాగులకు పోయేచోట నైట్రేట్ ఒక్కటే చూస్తే చాలదు. అమ్మోనియం ఉన్న నీటి పీహెచ్ పెరిగితే అది అమ్మోనియాగా మారి చేపలకు విషమవుతుంది. చెరువుల్లో నాచు పెరిగిన ఎండాకాలపు మధ్యాహ్నం పీహెచ్ ఎలాగూ లేస్తుంది. తోడే నీటిని పొద్దున్నే పరీక్షిస్తే ఈ ముప్పు కనిపించదు.

యూరియానా, మందుగుండా?

ఇప్పుడు మూడో చిక్కు. రామగుండంలో ఎరువుల కార్పొరేషన్ ఫ్యాక్టరీ 1980 నుంచి 1999 దాకా నడిచింది. దాని స్థానంలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీఎల్ 2021 మార్చిలో యూరియా ఉత్పత్తి మొదలుపెట్టింది. ఓసీలు, వరిపొలాలు, ఫ్యాక్టరీ, పశువుల కొట్టాలు, ఊరి మురుగు కొద్ది కిలోమీటర్ల మధ్య సర్దుకుని ఉన్న ప్రాంతం ఇది. బావిలో 80 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉంటే అది ఎవరిది?

నత్రజని, ఆక్సిజన్ ఐసోటోపులు కొంత చెబుతాయి. మురుగు, పేడ నుంచి వచ్చిన నైట్రేట్‌లో బరువైన నత్రజని ఎక్కువ. కృత్రిమంగా చేసిన వాటిలో అది గాలిలోని నిష్పత్తికి దగ్గరగా ఉంటుంది కనుక యూరియాను, మందును నత్రజనితో వేరు చేయలేం. ఆక్సిజన్‌తో చేయవచ్చు. యూరియాలో నైట్రేట్ లేదు. అది మట్టిలో పడ్డాక సూక్ష్మజీవులు నైట్రేట్ చేస్తాయి, అందుకు ఆక్సిజన్‌ను ఎక్కువగా మట్టినీటి నుంచి తీసుకుంటాయి. నీటి ఆక్సిజన్ తేలిక. మందులోని నైట్రేట్ మాత్రం ఫ్యాక్టరీలోనే గాలి ఆక్సిజన్‌తో తయారవుతుంది, గాలి ఆక్సిజన్ బరువు. కాబట్టి బావి నైట్రేట్‌లో ఆక్సిజన్-18 పెరిగి ఉంటే మందు వైపు వేలు చూపవచ్చు.

ఐరోపాలో పొలాలకే అమ్మోనియం నైట్రేట్ చల్లుతారు కనుక అక్కడ ఈ ఉపాయం మొద్దుబారుతుంది. మన దగ్గర రైతు చల్లేది యూరియా. 2012లో వచ్చిన అమ్మోనియం నైట్రేట్ నియమాల తర్వాత ఆ పదార్థం లైసెన్సు లేకుండా చేతులు మారడానికి లేదు. ఉత్తర తెలంగాణలో ఈ పద్ధతికి ఉన్న అనుకూలత ఇదే. మొదట చేరే అల ఫ్యాక్టరీ నైట్రేట్‌ది, ఆలస్యంగా వచ్చేది మట్టి పట్టుకున్న అమ్మోనియం నుంచి పుట్టిన తేలిక ఆక్సిజన్ నైట్రేట్ కనుక, నమూనాలు ఆగస్టులో ఒకసారి, జనవరిలో ఒకసారి తీయాలి. అయితే నైట్రేట్ వాయువుగా మారే చోట మిగిలినదాంట్లో నత్రజని, ఆక్సిజన్ రెండూ బరువెక్కుతాయి. అందువల్ల రెండింటినీ కలిపి కొలవకుండా ఆక్సిజన్ ఒక్కటే చూసి గనిని దోషిగా నిలబెట్టడం సరికాదు.

బూస్టర్లలోని టీఎన్‌టీని వెతకాలంటే వేరే పరికరాలు కావాలి. అలాంటి పదార్థాలను లేజరు కాంతితో గుర్తించే పద్ధతుల మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని అధిక శక్తి పదార్థాల పరిశోధన కేంద్రం పనిచేసింది. దాని ఆసక్తి ప్రధానంగా భద్రత వైపు. అయినా ఆ పద్ధతులను ఓబీ గుట్టల మట్టి మీద వాడకూడదనేం లేదు.

గని ఆగాక

ఓసీ నడుస్తున్నంత కాలం రాత్రింబవళ్లు పంపులు నీళ్లు తోడుతుంటాయి కనుక చుట్టూ ఉన్న భూగర్భజలం గొయ్యి వైపే వాలుతుంది. అవశేషం బయటి బావుల వైపు పోవడం కష్టం. మోడల్ ఫలితాలు అప్పుడు సాధువుగా కనిపిస్తాయి. బొగ్గు అయిపోయి పంపులు ఆపిన రోజు నుంచి ఆట మారుతుంది. నీటిమట్టం లేస్తుంది, గొయ్యిలోకి తిరిగి నింపిన ఓబీ అడుగు నుంచి తడుస్తుంది, అన్నేళ్లు పొడిగా ఉన్న రాతిపొడి మీద అంటుకున్న నైట్రేట్ ఒక్కసారిగా నీటిలోకి వస్తుంది. కొన్నాళ్లకు వాలు గోదావరి వైపో పక్క ఊరి వైపో తిరుగుతుంది. గని మూసివేత ప్రణాళికలో నీటి మోడల్ ఉందంటే, అది గని నడిచిన రోజులకు కాక ఈ తిరుగు వరద రోజులకు రాసిందై ఉండాలి.

రామగుండం దగ్గరి మేడిపల్లి ఓసీ గొయ్యిని పంప్డ్ స్టోరేజీ విద్యుత్ కేంద్రానికి వాడాలనే ప్రతిపాదన సింగరేణి దగ్గర ఉంది. కరెంటు మిగిలినప్పుడు నీటిని పైకి తోడి, కావలసినప్పుడు కిందికి వదిలే పద్ధతి అది. అలా జరిగితే గొయ్యిలో మట్టం రోజూ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఎక్కినప్పుడు నీరు చుట్టుపక్కల ఇసుకరాతిలోకి, ఓబీలోకి చొరబడుతుంది, దిగినప్పుడు వాటిలో కరిగినదాన్ని పట్టుకుని వెనక్కి వస్తుంది. ఏడాదికో ఋతువుకో ఒక మట్టం చొప్పున తీసుకునే మామూలు భూగర్భజల మోడల్ దీనికి చాలదు. గంటల లెక్కన సరిహద్దు మట్టాన్ని మార్చాలి, గట్టు రాతి పగుళ్లను విడిగా పెట్టాలి, నీళ్లు నింపక ముందే ఓబీలో మీటరు మీటరుకూ నైట్రేట్, అమ్మోనియం ఎంత ఉన్నాయో బోర్లు వేసి కొలవాలి. నింపాక కొలిస్తే మొదట ఉన్నదెంతో ఇక ఎప్పటికీ తెలియదు.